తిండి పెట్టిన పాపాన

పొద్దున్నే మర తలుపు తీసి, బెల్టు సరిచూసి, స్విచ్చు నొక్కితే చాలు, ఆ వీధిలో ఇంక ఒకరి మాట ఒకరికి వినపడదు. అందుకే మర వదిన ఏం చెప్పినా అరిచే చెబుతుంది. ఇంట్లోనూ అంతే. "నీళ్ళు కావాలా?" అని అడిగినా పోట్లాటకి దిగినట్టే ఉంటుంది. ఆవిడకి ఓ పేరు ఉండే ఉంటుంది. పిండిమర నడిపే మనిషిని ఊరంతా మర వదిన అంటుంటే ఇంక ఆ పేరుతో ఎవరికి పని? సాయంత్రం అయ్యేసరికి తలకీ కనుబొమలకీ తెల్లగా పిండి పట్టి ముసలమ్మలా ఉండేది. స్నానం చేసొస్తే గానీ అసలు మనిషి బయటపడేది కాదు.

మొగుడు కరెంటు లైన్‌మన్. రెండేళ్ళ క్రితం స్తంభం మీంచి పడ్డాడు. నడుం కింద చచ్చుబడిపోయింది. పైన మాత్రం నొప్పి బతికే ఉంది, అదీ మామూలు నొప్పి కాదు. మొదట్లో మాత్రలు పనిచేశాయి, తర్వాత అవీ చేతులెత్తేశాయి. పళ్ళు బిగించుకుని, మంచం మీద వెల్లకిలా పడి, కప్పులో ఉన్న చీలికని చూస్తూ ఉండేవాడు. ఎప్పుడూ జోకులేసే మనిషి. ఆ జోకులు కూడా నొప్పి తినేసింది.

ఆయనకి నిద్ర తెచ్చిపెట్టేది బూడిద.

బూడిద అంటే ఓ పిల్లి. ఎక్కణ్ణించి వచ్చిందో, ఎవరు వదిలేసి పోయారో ఎవరికీ తెలీదు. ఒకరోజు కిటికీలోంచి దూకి, లైన్‌మన్ గుండెల మీదెక్కి, ఆయన మొహంలోకి ఇంత నోరు తెరిచి ఆవులించింది. ఆయన కళ్ళు వాలిపోయాయి. వారం తర్వాత మొదటిసారి నిద్రపోయిన మొగుణ్ణి చూసి మర వదిన తలుపు చాటుకెళ్ళి ఏడ్చింది.

ఆ ఆవులింతలు బూడిద సొంతం కావు, ఊరివాళ్ళవి. మధ్యాహ్నం కొట్లో కునికిపాట్లు పడే షావుకారు, కత్తెర చేత్తో పట్టుకునే తూగే బార్బరు, చివరి పీరియడులో పిల్లలకంటే ముందు ఆవులించే పంతులుగారు, వీళ్ళందరి దగ్గరికీ వెళ్ళి ఎదురుగా కూర్చునేది. వాళ్ళు నోరు తెరవగానే తనూ నోరు తెరిచి ఆ ఆవులింతని గుటుక్కున మింగేది. వాళ్ళకి మత్తు వదిలిపోయేది. "లైన్‌మన్ వాటా పోయింది, ఇంక పని చూసుకుందాం," అని బార్బరు కత్తెర ఆడించేవాడు. దాని శ్రమకి ఎవరో ఓ రొట్టె ముక్క పెట్టేవాళ్ళు, ఎవరో కాసిని పాలు పోసేవాళ్ళు. తెచ్చిన నిద్రలో పిసరంత కూడా బూడిద తన దగ్గర ఉంచుకునేది కాదు. అంతా లైన్‌మన్ మొహంలోకి ఊదేసి, దిగి మళ్ళీ వెళ్ళిపోయేది. అది పడుకోగా చూసినవాళ్ళు లేరు.

మర వదిన మాత్రం దానికి తిండి పెట్టేది కాదు.

"అంత చాకిరీ చేస్తోంది, ఓ ముద్ద పడెయ్యకూడదా నువ్వు?" అని పక్కింటి టైలరక్క దెప్పేది.

"ఇక్కడే కడుపు నిండితే అది ఊళ్ళోకెందుకెళుతుందక్కా? ఇక్కడే ముడుచుకు పడుకుంటుంది. ఆయన గతేంటి?" అని మర వదిన అరిచేది. బూడిద డొక్కలు చూస్తే ఆవిడకీ జాలే. ఒకసారి పాలగిన్నె పట్టుకుని గడప దాకా వచ్చి, మనసు రాయి చేసుకుని వెనక్కి తీసుకెళ్ళిపోయింది.

ఇలా ఉండగా, ఊరి బయట రోడ్డు మీద ఓ కుర్రాడు పోయాడు. బండి మీద వస్తుంటే పిల్లి అడ్డొచ్చింది, తప్పించబోయి రాయికి కొట్టుకున్నాడు. పెళ్ళై నాలుగు నెలలు. ఆ పిల్లి బూడిద కాదు, ఏదో చింకిచెవి పిల్లి. ఆ తర్వాత ఓ పిచ్చిపట్టిన పిల్లి చంటిపిల్లని గీరితే పట్నం తీసుకెళ్ళి సూదులు పొడిపించారు. కోళ్ళఫారం ఆయనకైతే రోజూ కోడిపిల్లలు మాయమే. పొద్దున్నే షెడ్డులో ఈకలు ఎత్తుకోవడం ఆయనకి పనైపోయింది. పిల్లులంటే ప్రాణం పెట్టేవాళ్ళు కూడా ఆ కుర్రాడి ఇంటి ముందు నోరెత్తలేకపోయారు. పిల్లుల మీద పైనుంచి చట్టం వచ్చిందంటే, రాక ఏం చేస్తుందిలే అనుకున్నారు.

బడి వరండాలో జనాన్ని పోగేసి పంచాయతీ ఆఫీసు గుమాస్తా ఆ చట్టం చదివాడు. నెమ్మదస్తుడు. ఎవర్నీ నొప్పించకుండా బతికేద్దామని చూసే రకం.

"పిల్లికి తిండి పెట్టినవాళ్ళే దాని యజమాని. యజమాని దాన్ని ఇంట్లోనే ఉంచాలి. గడప దాటి కనిపిస్తే యజమాని మీద కేసు. ఇది మొదటి ముక్క," అని కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఇప్పుడు ఒక్కో పిల్లీ ఎవరిదో చెప్పండి, రాసుకుంటాను. ఆ బూడిద రంగుది ఎవరిది?"

షావుకారు చెప్పులకేసి చూసుకున్నాడు. పంతులుగారు ఆకాశం చూశారు. బార్బరు దగ్గాడు. నిన్నటిదాకా ముద్దలు పెట్టిన చేతులన్నీ జేబుల్లోకి పోయాయి. అందరూ కలిసి మర వదినవైపు తిరిగారు.

ఆవిడ బుర్రలో ఒక్కటే తిరుగుతోంది. మాదంటే ఇంట్లో కట్టెయ్యమంటారు. కట్టేస్తే ఆవులింతలెక్కణ్ణించి వస్తాయి?

"మాది కాదు బాబూ!" అని వరండా అదిరేలా అరిచింది. "దానికి ఏనాడూ తిండి పెట్టిన పాపాన పోలేదు నేను! కావాలంటే టైలరక్కనడగండి!"

టైలరక్క తలూపింది. నిజమే కదా మరి. గుమాస్తా రాసుకున్నాడు. గండం గడిచిందని మర వదిన ఊపిరి పీల్చుకుంది. ఇంట్లో మొగుడు ఒంటరిగా ఉన్నాడని గుర్తొచ్చి, చెంగు బిగించి గబగబా ఇంటిదారి పట్టింది. గుమాస్తా రెండో ముక్క చదివేసరికి ఆవిడ వీధి మలుపు తిరిగిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం మర హోరులో టైలరక్క వచ్చి ఏదో చెప్పింది. వినపడలేదు. మళ్ళీ చెప్పింది. మర వదిన చెవి దగ్గర చెయ్యి పెట్టి "ఆఁ?" అంది. చివరికి టైలరక్కే వెళ్ళి స్విచ్చు ఆపేసింది. ఉన్నట్టుండి వీధంతా నిశ్శబ్దమైపోయింది.

"నిన్న నువ్వెళ్ళిపోయావు. ఎవరూ తిండి పెట్టని పిల్లి దిక్కులేని పిల్లి కిందే లెక్కట. అలాంటివాటికి కోళ్ళఫారం చుట్టూ విషం మందు పెట్టుకోవచ్చట. ఫారం ఆయన పొద్దున్న చేపముక్కల్లో కలిపి పెట్టేశాడు. మీ బూడిద..."

"మా బూడిదేంటి?"

"అటే వెళ్ళిందని పిల్లలు చెప్పారు."

గోతంలో పిండి గోతంలోనే వదిలేసి మర వదిన పరిగెత్తింది. దారంతా తనని తాను తిట్టుకుంటూనే ఉంది. నా నోరు పడిపోనూ, ఓ ముద్ద పెట్టి ఉంటే ఏం పోయేది?

బూడిద ఇంటి గడప దగ్గరే ఉంది. కాళ్ళు నాలుగూ నాలుగు దిక్కులకి పోతున్నాయి. నోటి చివర నురగ. పొట్ట మాత్రం నిండుగా ఉంది. ఎత్తుకోబోతే చేతుల్లోంచి జారిపోయి, ఎలా ఎక్కిందో ఏమో, మంచమెక్కేసింది.

"వచ్చావటే? పొద్దుట్నుంచీ చూస్తున్నాను నీ కోసం," అన్నాడు లైన్‌మన్.

"దించెయ్యండి దాన్ని! మందు తినేసింది, ఒంటికి అంటుకుంటుంది!"

ఆయన పిల్లి మొహంలోకి చూశాడు. ఆ నురగా చూశాడు. అది నోరు తెరవబోతుంటే మర వదిన చెయ్యి చాపింది. ఆయన ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉండనీవే," అన్నాడు. "ఇవాళ పెద్దది తెచ్చినట్టుంది. బరువు తెలుస్తోంది."

ఆ చేతిలో అంత బలం ఇంకా ఉందని ఆవిడకి తెలీదు. రెండేళ్ళ తర్వాత ఆయన పెదాల మీద జోకులేసేముందు వచ్చే ఆ వంకర నవ్వు కనిపించింది. ఆ నవ్వు చూస్తూ ఆవిడ నిలబడిపోయింది.

బూడిద ఆవులించింది. దవడలు విడిపోతాయా అన్నంత పెద్ద ఆవులింత. ఎంతకీ అవలేదు. అయ్యేసరికి లైన్‌మన్ కళ్ళు మూతపడ్డాయి. నొసటి మీద ఎప్పుడూ ఉండే ముడత విడిపోయింది. మర వదిన చెయ్యి పట్టుకున్న వేళ్ళు ఒక్కొక్కటే వదులయ్యాయి. గుండెలు మళ్ళీ పైకి లేవలేదు.

బూడిద కిందికి దూకింది. కాళ్ళు తిన్నగా పడ్డాయి. నురగ నాకేసుకుని, ఒళ్ళు విరుచుకుని, ఎప్పటిలాగే గుమ్మం వైపు నడిచింది. అప్పటికి అర్థమైంది మర వదినకి. ఏనాడైనా తెచ్చిన నిద్ర తన దగ్గర ఉంచుకున్న పిల్లి కాదది.

టైలరక్క ఆయాసపడుతూ వచ్చి గుమ్మంలో "ఏమైందే?" అంది.

"మెల్లిగా," అంది మర వదిన. ఆవిడ గొంతు తగ్గించి మాట్లాడగా వినడం టైలరక్కకి అదే మొదలు. "పడుకున్నారు."

జనం పోగయ్యారు. షావుకారు, బార్బరు, పంతులుగారు. గుమాస్తా వచ్చాడు. అందరికీ వెనకగా కోళ్ళఫారం ఆయన, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని. మర వదిన చీపురు ఎత్తింది. ఎవర్ని కొట్టాలో తెలీలేదు. పిల్లినా, ఫారం ఆయన్నా, జేబుల్లో చేతులు పెట్టుకున్నవాళ్ళనా, తన నోటినా? చేతిలోంచి చీపురు జారి పడింది. అప్పుడు ఏడ్చింది, మర ఆడుతున్నప్పుడు అరిచినట్టు, వీధి వీధంతా వినేలా.

ఏడ్చి ఏడ్చి లేచి, వంటగదిలోకెళ్ళి ఆయన కోసం ఉంచిన పాలన్నీ గిన్నెలో పోసుకొచ్చింది. గడప దగ్గర, అందరూ చూస్తుండగా, బూడిద ముందు పెట్టింది.

"గుమాస్తాగారూ, రాసుకోండి. ఈ పిల్లి మాది. తిండి నేనే పెట్టాను."

గుమాస్తా చొక్కా జేబులో కలం ఉంది. చెయ్యి మాత్రం దాని దాకా వెళ్ళలేదు.

బూడిద గిన్నె అంతా నాకింది. ఊళ్ళోకి వెళ్ళే దారికేసి ఓసారి చూసి, వెనక్కి తిరిగి, మంచం కింద ముడుచుకుని పడుకుంది. జనంలో బార్బరుకి ఆపుకోలేని ఆవులింత వచ్చింది. బూడిద కళ్ళు తెరవలేదు.