అద్దం వెనక వేలి చప్పుడు

ఆ రాష్ట్రంలో మనసు డాక్టరు కావాలంటే చదువొక్కటే చాలదు. పెద్ద డాక్టరు కనుసన్నల్లో ఇన్ని గంటలని పనిచెయ్యాలి. ఆయన విన్నానని సంతకం పెడితేనే ఆ గంట లెక్క.

డెల్ఫీన్‌కి ఇంకొక్క గంటే మిగిలింది. సోమవారంలోగా కాగితాలు లైసెన్సులిచ్చే బోర్డుకి చేరకపోతే లైసెన్సు వసంతం దాకా రాదు, ఆస్పత్రివాళ్లు ఇస్తామన్న ఉద్యోగం అందాకా ఆగదు.

ఆమె పెద్ద డాక్టరు హాల్వర్ లూండ్. గది గోడకి పెద్ద అద్దం, దాని వెనక చీకటి కొట్టు. ఆయన అక్కడ కూర్చుని చూస్తాడు, ఈవలివాళ్లకి కనపడడు. వేలి ఉంగరంతో అద్దం మీద ఒకసారి కొడితే నోరు మూసుకోమని, రెండుసార్లు కొడితే అడగమని. ఆయన తెచ్చుకున్న పద్ధతి అది. బద్ధకం కూడా ఉంది ఆయనకి. మర్నాటి కాగితం మీద ముందురోజే సంతకం గీకేసేవాడు.

బుధవారం పొద్దున పదింటికి వెండెల్ వచ్చాడు. చక్కెరదుంపల రైతు. తమ్ముడు దుంపలు తవ్వే యంత్రంలో పడి చనిపోయిన దగ్గర్నుంచీ మాట లేదు మనిషికి. వచ్చి కూర్చుని, బూట్ల మీది మంచు కరగడం చూసి వెళ్లిపోతాడు.

డెల్ఫీన్ నోరు తెరవబోయింది. టక్. మూసేసింది.

చాలాసేపయింది. వెండెల్ గొంతు సవరించుకున్నాడు.

"యంత్రం ఆపమని వాడు చెయ్యి ఊపాడు."

టక్, టక్.

"నువ్వేం చేశావు వెండెల్?"

"పలకరిస్తున్నాడనుకున్నా. నేనూ ఊపా."

ఆ పెద్దమనిషి ఏడ్చాడు. వెళ్తూ వెళ్తూ అన్నాడు, "ఏమ్మా, మీ గోడలో ఎలకలున్నట్టున్నాయి. లయగా కొడుతున్నాయి."

డెల్ఫీన్ నవ్వుకుంటూ కొట్టు తలుపు తీసింది. కుర్చీ ఖాళీ. దీపం లేదు. బల్ల మీద ఆవేళ్టి కాగితం, కింద లూండ్ సంతకం.

ముందు గదిలో కూర్చునే బెర్నీస్ కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. "అమ్మాయ్, లూండ్ గారు పోయారే. పొద్దున ఏడింటికి, కాఫీ కలుపుకుంటూ. వాళ్లావిడ ఇప్పుడే ఫోన్ చేసింది."

డెల్ఫీన్ ఖాళీ కుర్చీవైపు చూసింది. "మరి అద్దం మీద కొట్టిందెవరు?"

"ఆ తలుపు నేను తియ్యనేలేదు." బెర్నీస్ కాగితం చూసి గొంతు తగ్గించింది. "సంతకం ఉందిగా. పంపెయ్. పిచ్చిదానా, బోర్డువాళ్లు వచ్చి శవాన్ని అడుగుతారా?"

విన్నాడని రాస్తే అబద్ధం. ఒంటరిగా ఉన్నానని రాసినా అబద్ధమే. డెల్ఫీన్ ఆ కుర్చీలో కూర్చుంది. అద్దం అవతల ఖాళీ గది.

"ఈ గంట లెక్కేనా, డాక్టర్?" అనడిగింది.

ఖాళీ గదివైపు నుంచి అద్దం మీద చప్పుడు. టక్. ఒక్కటే.

ఆమె నోరు మూసుకుంది. కాగితం నాలుగు ముక్కలు చేసింది. సోమవారంలోగా ఇంకో పెద్ద డాక్టరు దొరకలేదు, ఉద్యోగం పోయింది.

మంచు కరిగాక లూండ్ స్థానంలోకి ఫార్గో ఊరి నుంచి డాక్టర్ సోల్‌వెయ్ అనే ఆవిడ వచ్చింది. లూండ్ పద్ధతి ఆవిడకి తెలీదు, ఎవరూ చెప్పలేదు. చివరి గంటకి మళ్లీ వెండెలే. ఆవిడ అద్దం వెనక కూర్చుంది. సగంలో వెండెల్ మాట ఆగిపోయింది. డెల్ఫీన్ పెదవి కదిపింది.

టక్.

ఆగింది. ఆ తర్వాత వెండెల్ తమ్ముడి పేరు పలికాడు, మొదటిసారి.

సోల్‌వెయ్ బయటికొచ్చి సంతకం పెట్టింది. "అక్కడ భలే ఆగావు. నేనైతే మాట్లాడేసి చెడగొట్టేదాన్ని."

"మీరు అద్దం మీద కొట్టలేదా?"

"లేదే. చేతులు జేబుల్లోనే ఉన్నాయి. చలి, ఆ కొట్లో."

వెండెల్ టోపీ పెట్టుకుంటూ అద్దంవైపు తల వంచాడు.

"లోపలాయన ఇంకా వెళ్లలేదన్నమాట," అన్నాడు.