మూత బిగించిన మధ్యాహ్నం

పత్తర్‌గట్టి వెనకాల ఒక పాత నవాబు భవంతిలో, దేవిడీలో, నడిచే ఆ బడిలో విమానాల రిపేరు నేర్పేవాళ్ళు. ఒకప్పుడు గుర్రాలు కట్టేసిన చోట రేకుల షెడ్డు వేసి, పనికిరాదని పారేసిన చిన్న విమానమొకటి అక్కడ నిలబెట్టారు. పిల్లలు దాని రేకులే విప్పి, మళ్ళీ బిగించేవాళ్ళు.

తరగతి మొత్తానికి ఆడపిల్ల సక్కుబాయి ఒక్కతే. తండ్రి ఆగయ్య బస్సు డిపోలో మెకానిక్కు. కొడుకులు లేరు, తన పనితనం కూతురి చేతిలోనైనా నిలవాలని చేర్పించాడు. మాదన్నపేట నుంచి పక్కింటి వేణుగోపాల్‌తో కలిసి నడిచి వచ్చేది. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే పలక మీద దిద్దుకున్నవాళ్ళు.

పాఠం చెప్పే రామలింగయ్య సారు బెత్తం పట్టేవాడు కాదు. నోరే చాలు ఆయనకు. ఒకరోజు కార్వాన్ నుంచి వచ్చే బాలకిషన్ రేకులు కలపడానికి కొట్టిన రివెట్లు వంకరపోయాయి. సారు ఆ రేకును అందరికీ చూపించి, సక్కుబాయి వైపు తిరిగాడు.

"నీ గాజులు తియ్యి బిడ్డా. బాలకిషన్‌కియ్యి. ఏసుకోని కొడ్తే సక్కగ పడ్తయేమో చూద్దాం."

సక్కుబాయి తటపటాయించింది. సారు చెయ్యి చాపే ఉంచాడు. గాజులు తీసి ఇచ్చింది. అవి బాలకిషన్ చేతికి పట్టలేదు. బలవంతాన తొడగబోతే ఒకటి పగిలి రక్తం వచ్చింది. తరగతంతా నవ్వింది. ఆపుకోలేక సక్కుబాయి కూడా నవ్వింది. అంతమంది నవ్వుతుంటే బాలకిషన్ మాత్రం ఆమెనే చూశాడు.

తర్వాత కొన్నాళ్ళకు విమానం తోకకు కొత్త రేకు వేసే పని వచ్చింది. బయటినుంచి ఒకరు గాలి సుత్తితో రివెట్టు కొడుతుంటే, లోపల ఒకరు ఇనప దిమ్మె ఆనించి పట్టుకోవాలి. ఆ ఇరుకులో పట్టేది సక్కుబాయే. సారు హెడ్మాస్టరు గదికి వెళ్ళాడు.

"వేణూ, చెవులల్ల పెట్టుకునే దూదేది?" అంది, లోపలికి దూరబోతూ.

"అయిపోయింది. రెండే రివెట్లు, జల్ది అయిపోతది," అన్నాడు వేణుగోపాల్, మొహం చూడకుండా.

తోక పక్కన మూత తీసిన కంతలోంచి ఆమె పాక్కుంటూ లోపలికి పోయింది. బోర్లా పడుకుని దిమ్మె ఆనించేసరికి వెనక చీకటి పడింది. మూత మీద స్క్రూలు తిరుగుతున్న చప్పుడు.

"మూతెందుకు పెడ్తున్రు?"

సుత్తి మోగింది. రివెట్టు మీద కాదు, సరిగ్గా ఆమె తల దగ్గర, ఉత్త రేకు మీద. మద్దెల కడుపులో పడేసి బయటినుంచి వాయిస్తున్నట్టుంది. పళ్ళు అదిరాయి. చెవులు మూసుకుంటే మోచేతుల గుండా మోత ఎముకల్లోకి ఎక్కింది. అరిచింది. తన అరుపు తనకే వినిపించలేదు. ఎండకు రేకు కాలి ఒళ్ళంతా అంటుకుంటోంది. ఖాళీగా ఉన్న రివెట్టు చిల్లులోంచి చూసింది. బాలకిషన్ చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు. సుత్తి పట్టుకున్నది వేణుగోపాల్.

ఆపేసరికి ఆమె అరవడం మానేసింది. బయటికి లాగితే కుడి చెవి నుంచి రక్తం మెడ మీదికి కారింది.

సారు వచ్చి, "ఎవరు చేసిన్రు?" అని అడిగాడు. ఆ మాట ఆమె ఆయన పెదాల మీద చదువుకుంది. వేలితో వాళ్ళిద్దరినీ చూపించింది.

వేణుగోపాల్ ఏదో చెప్పాడు. ఆమెకు వినబడలేదు. సారు ఆమె దగ్గరికి వంగి, గట్టిగా అన్నాడు.

"మూత నువ్వే పెట్టుమన్నవంట గదా. కార్ఖానాల ఇంతకన్న లొల్లి ఉంటది. ఓర్సుకోలేకుంటే ఇంట్ల కూసోవాలె."

చుట్టూ నిలబడ్డవాళ్ళలో ఒక్కడూ కాదనలేదు.

తల్లి చంద్రమ్మ వెల్లుల్లి కాచిన నూనె పోసింది. ఆగయ్య బడికి పోయి సారుతో మాట్లాడి వచ్చి, అన్నం ముందు కూర్చుని తినకుండా లేచాడు. ఎడమ చెవి కొంత తేరుకుంది. కుడిది తేరుకోలేదు. అయినా ఆమె బడి మానలేదు. పరీక్షలో అందరికంటే పైన నిలిచింది.

విమానాశ్రయంలో అప్రెంటిసులను తీసుకునే ముందు డాక్టరు పరీక్ష. డాక్టరు ఆమె వెనక నిలబడి మెల్లగా ఒక మాట అని, తిరిగి చెప్పమన్నాడు. ఆమె ఎదురుగా ఉన్న గోడకేసి చూస్తూ, ఆయన ఇంకా మొదలుపెట్టలేదనుకుని కూర్చుంది. డాక్టరు ముందుకొచ్చి తల అడ్డంగా ఊపాడు. బయట వరసలో తర్వాతివాడు వేణుగోపాల్. వాడు ఎంపికయ్యాడు.

సక్కుబాయికి రేకు ట్రంకు పెట్టెలు చేసే దుకాణంలో పని దొరికింది. పొద్దస్తమానం సుత్తెల మోతే. "నీకైతే ఈ మోతతోటి తక్లీఫ్ లేదు," అని దుకాణం యజమాని మొగులయ్య మంచిమాటగానే అన్నాడు.

ఒక సాయంత్రం వేణుగోపాల్ విమానాశ్రయం యూనిఫాంతో వచ్చి కుడిపక్కన నిలబడ్డాడు. ఎప్పుడొచ్చాడో ఆమెకు తెలియలేదు. తల తిప్పేసరికి వాడి పెదాలు కదులుతున్నాయి. కళ్ళల్లో నీళ్ళున్నాయి.

"ఇనవడ్తలేదు. గట్టిగ చెప్పు," అంది.

వాడు గొంతు కొంచెం పెంచాడు. "బాలకిషన్‌కు భయపడ్డ సక్కూ."

వినబడింది. అయినా అంది, "ఇంకా గట్టిగ. నువ్వు చేసిందేందో పేరుపెట్టి చెప్పు. అందరికి ఇనవడాలె."

దుకాణంలో సుత్తెలు ఆగాయి. బజారులో పోయేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు. వేణుగోపాల్ వాళ్ళకేసి చూసి, తన యూనిఫాం కేసి చూసుకున్నాడు. వెనక్కి తిరిగి బజారు జనంలో కలిసిపోయాడు.

సక్కుబాయి ఇంకో రేకు ముందుకు లాక్కుంది.