కడియాలు దొరికిన చోటు

హరిచందన పుట్టింది తణుకులో. ఉద్యోగం నాచారం పారిశ్రామికవాడలో, మెటల్ డిటెక్టర్లు బాగుచేసే ఒక చిన్న కంపెనీలో. అద్దెకుండేది ఆ పక్క వీధిలోనే, బాలనర్సింహ ఇంటి పై వాటాలో.

ఇంటాయన భార్య సక్కుబాయి నీళ్ల మోటారు గురించో చెత్తబండి గురించో తప్ప మాట్లాడే మనిషి కాదు. అలాంటిది ఒక సాయంత్రం మెట్లెక్కి వచ్చి గడపలో కూర్చుంది. కొంగు సర్దుకుని చెప్పింది. పెళ్లైన కొత్తలో ఆమెకు ఆడపిల్ల పుట్టింది. పాకడం నేర్చిన నెలలోనే జ్వరమొచ్చి పోయింది. ఉప్పల్ వెళ్లే దారిలో అప్పట్లో వాళ్లకు జొన్నచేను ఉండేది. ఆ చేను గట్టు పక్కన పూడ్చారు. కాళ్లకున్న వెండి కడియాలు తీయబోతే ఆమె తీయనివ్వలేదు. తర్వాత చేను చేతులు మారింది, ప్లాట్లయింది, ఇళ్లయింది. ఒక్క ముక్క మాత్రం ఖాళీగా మిగిలింది. ఇప్పుడు దాన్నీ అపార్ట్‌మెంటు కోసం తవ్వబోతున్నారు.

"జేసీబీ పెట్టకముందే నా బిడ్డను తీస్కపోయి కీసర కాడ మా అన్న చేన్ల పెడ్త. నీ మిషన్ వెండిని పసిగడ్తదంట గద. జర సూడు బిడ్డా."

సెలవు రోజున చూద్దామంది హరిచందన.

ఆదివారం పొద్దున కంపెనీలో అడిగి మంచి మిషన్ తెచ్చింది. ఆ స్థలం చూడగానే ఆమెకు సగం ఆశ పోయింది. నెత్తిమీద హైటెన్షన్ తీగలు. నేల నిండా ఫౌండ్రీల నుంచి తెచ్చి పోసిన ఇనుప చిట్టెం, మేకులు, ఇంటి కూల్చివేతల మట్టి. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే చెవిలో వాన కురిసినట్టు ఒకటే గరగర.

ఏం జరుగుతోందని సక్కుబాయి అడిగింది. హరిచందన తెలిసిన మాటల్లో చెప్పింది. మిషన్ కింది కొసనున్న ఈ తీగచుట్ట భూమిలోకి ఒక్క రకం తరంగాన్ని కాదు, చాలా రకాలను ఒకేసారి పంపుతుంది. నిదానమైనవి లోతుకు పోతాయి, లావుపాటి వెండిని బాగా పట్టుకుంటాయి. వేగమైనవి పైపైన ఉన్న సన్నటి వాటిని చూస్తాయి. లోహం తగిలితే ఒక్కోదానికి ఒక్కో రకంగా బదులొస్తుంది. నేల ఇచ్చే బదులు వేరు. మిషన్ అన్నిటినీ పోల్చి, నేల వాటాను తీసేసి, మిగిలింది వినిపిస్తుంది. కరెంటు తీగల గోల కూడా కలుస్తుంది కాబట్టి, ముందు తాను ఏమీ పంపకుండా ఊరికే విని, ఆ గోల తక్కువగా కలిసే తరంగాలను ఎంచుకుంటుంది.

"గట్లయితే ఇనొస్తది గద" అంది సక్కుబాయి.

హరిచందన మిషన్‌ను ముందు ఊరికే వినేలా పెట్టింది. ఏ తరంగానికి మార్చినా తీగల గోల పోలేదు. పదును తగ్గిస్తే చెవి నెమ్మదించింది గానీ, లోతు నుంచి వచ్చే సన్నని బదులు కూడా దాంతోపాటే పోయింది. మధ్యాహ్నం దాకా తిప్పింది. ఒక్కచోట ఎన్నిసార్లు తిప్పినా నిలకడగా ఒకే మోత వచ్చింది. ఇద్దరూ తవ్వారు. నలిగిపోయిన అల్యూమినియం గిన్నె మూత బయటపడింది. సక్కుబాయి దాన్ని పక్కన పెట్టి, మళ్లీ తిప్పమంది.

ఆ సాయంత్రం హరిచందన బాలనర్సింహకు మాత్రం అసలు సంగతి చెప్పింది. పాత చేను నేల మనిషి ఎత్తు పూడికకు కిందుంది. ఆ కాస్త కడియాలను ఈ మిషన్ మూరెడు లోతులో పట్టుకుంటే గొప్ప. ఆయన ఉప్పల్‌లో పాత వెండి కొట్టు నుంచి చిన్నపిల్లల కడియాలు తెచ్చి ఆ స్థలం అంచున ఉన్న గోడ పక్కన పూడ్చిపెడతానన్నాడు.

"ఆమె మనసు నిమ్మలమైతది బిడ్డా. నువ్వు గా గోడ పక్కకు రా, చాలు."

తప్పని తెలుసు. ఇంకో దారీ తెలియలేదు. హరిచందన తలూపింది.

మరుసటి ఆదివారం గోడ పక్కన మిషన్ గట్టిగా పలికింది. గరగరను దాటుకుని, శుభ్రంగా, పదేపదే. సక్కుబాయే తవ్వింది. జానెడు లోతులో నల్లబడిన కడియాలు రెండూ దొరికాయి. వాటిని చెంపకు ఆనించుకుని కళ్లు మూసుకుంది. బాలనర్సింహ ఊపిరి పీల్చుకున్నాడు.

అంతలో ఆమె కడియాలు ఒళ్లో వేసుకుని మళ్లీ తవ్వసాగింది. కడియాలు ఉన్నచోట బిడ్డ ఉండాలి కదా. ఆ మాట హరిచందనకూ బాలనర్సింహకూ తోచనే లేదు. చిట్టెం గుచ్చుకుని వేళ్లు చిట్లాయి. చాలు లెమ్మని భర్త రెక్క పట్టుకుంటే విదిలించుకుంది. కడియాల కిందనుంచి ఇంకా రంగు వెలవని ఒక పాల ప్యాకెట్ కవరు వచ్చింది. దాని కింద ఇంకొకటి.

ఆమె చేతులు ఆగాయి. కవరును చూసింది. తల దించుకున్న మొగుణ్ని చూసింది. హెడ్‌ఫోన్ తీసి చేత్తో పట్టుకున్న హరిచందనను చూసింది. ఏడుస్తుందనుకున్నారు. ఏడవలేదు. ఒళ్లోని కడియాలు తీసి బాలనర్సింహ చేతిలో పెట్టింది.

"గివి ఏ పిల్ల కాళ్లవో. వాపస్ ఇయ్యి."

హరిచందన ఏదో చెప్పబోయింది. సక్కుబాయి వినకుండానే ఇంటిదారి పట్టింది.

ఆ వారంలోనే జేసీబీ వచ్చింది. సెల్లార్ కోసం తవ్విన మట్టి లారీలకెక్కుతుంటే సక్కుబాయి రోజూ పోయి రోడ్డు పక్కన నిలబడేది. ఒకరోజు హరిచందన ఆఫీసుకు వెళ్తూ ఆగింది. మట్టి ఎక్కడికి పోతోందని సక్కుబాయి లారీ డ్రైవర్‌ను అడుగుతోంది.

"ఘట్‌కేసర్ దిక్కు పోతదమ్మా. యాడ గుంతుంటే ఆడ పోస్తం."

రేపు కూడా అక్కడికేనా అని ఆమె అడిగింది. చెప్పలేనన్నాడు డ్రైవర్. లారీ కదిలింది. హరిచందన పక్కకు వచ్చి "ఆంటీ" అని పిలిచింది. సక్కుబాయి తలతిప్పలేదు. వెనక ఇంకో లారీ నిండుతోంది.