మసి రాయి

పొద్దున్నే చమురు కంపెనీ రాళ్ళషెడ్డులో జరిగే మొదటి పని క్యారేజీలు సర్దుకోవడం. బోరు వేసి భూమి అడుగునుంచి తీసిన రాతికడ్డీలు అక్కడ పెట్టెల్లో వరసగా ఉంటాయి. భూమి లోపల చూసిన వేడిలో ఓ వంతు, పైకి తీశాక కూడా ఏ రాయీ వదులుకోదు. అందుకని అందరూ తమ కూర గిన్నెలు లోతు రాళ్ళ మీదే పెట్టుకునేవాళ్ళు. ఆ రాళ్ళలోని గ్యాసు ఎలాగూ పోయింది, వేడన్నా దక్కింది కదా!

ఆ రాళ్ళు కడిగి, అరచేయి ఆనించి, ఏది ఎంత ఉడికిందో రాసేది రాళ్ళక్క. పంతొమ్మిదేళ్ళుగా రోజుకూలీ. ఈమధ్యే ఆమె పేరున పర్మినెంటు ఉత్తర్వు వచ్చి, మేనేజరు సొరుగులో కూర్చుంది.

"తొమ్మిదో బావిలో నూనె ఉందని రాసెయ్యక్కా. రేపు హెడ్డాఫీసు మేడం వస్తున్నారు. నీ కాగితం నీ చేతిలో పెట్టేస్తా," అన్నాడు మేనేజరు. బావి పాసైతే ఆయనకి ప్రమోషను.

"నూనెక్కడిది సార్? మాడి చచ్చింది."

"కొంచెం అటూ ఇటూ..."

"అటూ ఇటూ ఏంటండీ? చచ్చిన నాచు బురదలో కూరుకుపోయి, పైన మట్టి పేరుకుని, అడుగు వేడికి లక్షల ఏళ్ళు మగ్గితే నూనె. ఆ రాయి జ్వరమొచ్చిన నుదురులా ఉంటుంది, చెయ్యి నిలుస్తుంది. ఇంకా దిగితే గ్యాసు, పది లెక్కపెట్టేదాకా ఓర్చుకోవచ్చు. ఇంకా దిగితే మసి. దీని మీద చెయ్యే ఆనడం లేదు. అడుగంటిన కూరకి పోపు పెట్టి విందంటే ఎవరు తింటారు?"

"ఉద్యోగం వద్దా?"

వద్దనడానికి ఆమెకేం పిచ్చా? ఆ కాగితం కోసమే కదా నడుం విరగ్గొట్టుకుంది. అయినా "నా చేత్తో అబద్ధం రాయను. ఏం చేసుకుంటారో చేసుకోండి," అని తెగేసి చెప్పింది.

ఆయనే నూనె అని రాసి సంతకం గీకాడు.

మర్నాడు మేడం రిపోర్టు చదివి, ఇంకా తవ్వండని రాయబోతూ కలం తీసింది. రాళ్ళక్క తడిచేతులతోనే అడ్డం వచ్చింది.

"ఒక్కసారి ఈ తొమ్మిదో బావి రాయి మీద చెయ్యి ఆనించి చూడండమ్మా."

మేడం ఆనించింది. చురుక్కుమంది. ఊదుకుంటూ మేనేజరు వైపు తిరిగింది. "నూనె రాయి అన్నారుగా. మీరు పెట్టండి."

మేనేజరు రెండు చేతులూ జేబుల్లోకి దూర్చాడు.

మేడం రిపోర్టు రాళ్ళక్క ముందుకి తోసింది. రాళ్ళక్క 'నూనె' కొట్టేసి 'మసి' అని రాసింది, కింద తన పేరు పెట్టింది.

"నా ఉత్తర్వు ఈయన సొరుగులో ఉందమ్మా. అదీ తీయించండి."

తాళంచెవి కోసం మేనేజరు చెయ్యి జేబులోంచి బయటికి తియ్యక తప్పలేదు.