ఒట్టి ఆకాశానికి గురి

మా ఎల్బీనగర్ కాలనీకి ఈ ఏడు పంద్రాగస్టుకు ఒక వీరుడు కావాల్సి వచ్చాడు. కాలనీ అధ్యక్షుడు జగన్ ముందు దిల్‌సుఖ్‌నగర్ పోయి శాలువా కొన్నాడు. తర్వాత వెతికితే అంతయ్య దొరికాడు. డెబ్బై ఒకటి యుద్ధంలో విమానాలు కూల్చే పెద్ద గన్ను మీద ఒక్కడే కూర్చుని మూడింటిని నేల రాల్చాడట. నాలుగోది దండం పెడితే పోనిచ్చాడట.

అదే యుద్ధంలో అలాంటి గన్ను మీద నేను నిజంగా పనిచేశాను. కోతలు కోయడంలో నేనూ తక్కువవాణ్ని కాను. మా గన్ను మోతకు సరిహద్దు అవతల కోడిగుడ్లు ఉడికిపోయేవని మనవరాలికి ఇప్పటికీ చెబుతుంటాను. కానీ నా పక్క సీట్లో కూర్చున్న బిక్షమయ్య ఆ యుద్ధం నుంచి తిరిగి రాలేదు. అందుకని ఆ శాలువా ఏ దొంగ భుజం మీదా పడనివ్వదలచుకోలేదు.

పద్నాలుగో తారీఖు పొద్దున జగన్ రిహార్సల్ పెట్టాడు. అంతలో నాదర్‌గుల్ ఎయిర్‌ఫీల్డ్ నుంచి శిక్షణ విమానం ఒకటి గుర్రుమంటూ పైకొచ్చింది.

"అంతయ్యా, గా విమానాన్ని ఎట్ల కొడ్తవో జర చూపియ్యి," అన్నాను.

అంతయ్య చేతికర్ర ఎత్తి, ఒక కన్ను మూసి, సరిగ్గా విమానం బొడ్డుకు గురిపెట్టాడు. "గిట్ల! నడుమ తగలాలె."

"నీ గుండు ఆడికి పోయేసరికి గది హయత్‌నగర్‌ల చాయ్ తాగుతుంటది. దాని ముక్కు ముందర, ఒట్టి ఆకాశంల కొట్టాలె. ఎంత ముందరనో తెలుసుకోనీకి కంటి ముంగట ఇనుప రింగులుంటయ్, సాలెగూడు లెక్క. విమానం బయటి రింగు మీదుండాలె, దాని ముక్కు నడిమి చుక్క దిక్కుండాలె. గన్నును ఒకడు పక్కలకు తిప్పుతడు, ఇంకొకడు పైకీ కిందికీ. ఒక్కనివే రెండూ తిప్పినవా? నీకెన్ని చేతులే?"

"మాది కొత్త మోడల్. కంప్యూటర్‌ది."

"డెబ్బై ఒకట్లనా? వైఫై పాస్‌వర్డ్ ఏందో చెప్పరాదు మరి!"

అంతయ్య కర్ర దించేశాడు. జగన్ నన్ను పక్కకు లాగాడు. "తాతా, ఎవరికి తెలుస్తది? బ్యానర్ సుత కొట్టిచ్చినం. పోనీ, నీ పేరు రాయనా?"

"నాదొద్దు. బిక్షమయ్య అని రాయి."

"ఆయన వస్తడా?"

"రాడు. యుద్ధంల పోయిండు."

"రానోనికి శాలువా ఎట్ల కప్పుతం తాతా?"

కళ్ల ముందు కనబడేదానికే గురిపెట్టే రకం వీడు కూడా.

మర్నాడు అంతయ్య నడుం నొప్పని రాలేదు. జగన్ చేతిలోంచి శాలువా లాక్కుని వేదిక మీది ఖాళీ కుర్చీకి కప్పాను. ఫొటోగ్రాఫర్ మాత్రం కుర్చీని వదిలేసి, పక్కన పళ్లికిలించిన జగన్‌ను తీశాడు.