ఎనిమిదో పన్ను

ఎముకను తెల్లబరిచే మందునీళ్లలోంచి దుప్పి పుర్రెను రెండు చేతులా పైకెత్తి, అప్పలసామి నీడపట్టున గోనెపట్టా మీద పెట్టాడు. ముక్కు గూళ్లలోకి కోడి ఈక పోనిచ్చి, మిగిలిన మడ్డిని ఓపిగ్గా బయటికి లాగుతున్నాడు. మూడు రోజులు సన్నసెగ మీద ఉడికించాడు దాన్ని. నీళ్లు ఒక్కసారీ తెర్లనివ్వలేదు. తెర్లితే అతుకులు విడిపోతాయి. ఆవిరికి రంగు పోకుండా కొమ్ములకు చీరపేలికలు చుట్టాడు. వంగి వంగి అతని నడుము ఎప్పుడో విల్లయిపోయింది. మందునీళ్లకు గోళ్లు పసుపుపచ్చగా, పెళుసుగా తయారయ్యాయి.

ఆ దీవిలో కార్తియే మిలితేర్ ఊరి చుట్టుపక్కల దొరల బంగళా గోడల మీద వేలాడే దుప్పి తలల్లో సగం ఇతని చేతి పనే. వేట వాళ్లది, పేరూ వాళ్లదే, కంపు మాత్రం అప్పలసామిది. ఆ గోడల్ని అతను ఒక్కనాడూ చూడలేదు. వంటింటి మెట్ల దగ్గర అప్పగించి వచ్చేసేవాడు. అయినా అదేం రోషమో, ముప్పై ఏళ్లలో ఒక్క పుర్రె కూడా వెలితితో అతని వాకిలి దాటలేదు.

ఆ ముప్పై ఏళ్లూ అతని భార్య సుబ్బమ్మ కోరింది ఒక్కటే. తన నట్టింట రామభజన జరగాలి, భజనతో ఇల్లిల్లూ తిరిగే పెద్ద దీపం వెలగాలి. వంతు వచ్చిన ప్రతిసారీ భజన పెద్ద రంగయ్య గుమ్మం దాకా వచ్చి, పెరట్లోకి తొంగిచూసి, "ఎముకలున్న ఇల్లు కదమ్మా, ఎలా కుదురుతుంది?" అని పక్కింటికి పోయేవాడు. ఆమె మొగుణ్ణి ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఇప్పుడామె ఆయాసంతో మంచం పట్టింది. ఎన్నికలైపోయాయి, ఇక స్వతంత్రం వచ్చి జెండా మారబోతోందని అతనికి పనిచ్చే దొర సముద్రం అవతలి దర్బన్‌కు మూటాముల్లె సర్దుకున్నాడు. వెంట తీసుకెళ్లడానికి తన ఆఖరి దుప్పిని శుభ్రం చేసిమ్మన్నాడు. దీంతో సరి, మళ్లీ ఎముక ముట్టనని అప్పలసామి రంగయ్య ముందు ఒట్టు పెట్టాడు. రంగయ్య మెత్తబడ్డాడు. "శనివారం అది వాకిలి దాటగానే పసుపునీళ్లు చల్లి కబురు పెట్టు బావా. పట్టపగలైనా సరే, దీపం తెచ్చి వెలిగిస్తాను" అన్నాడు.

ఇవాళే శనివారం. పది గంటలకు దొర డ్రైవర్ రోజర్ లారీ తెచ్చి ఆపాడు. అప్పలసామి చివరిసారిగా కింది దవడ ముందుపళ్లు లెక్కపెట్టాడు. ఏడే ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టాడు. ఎనిమిది ఉండాలి.

రోజర్ దీవి భాష క్రెయోల్‌లో నవ్వులాటగా అన్నాడు: "నోరు మూసిపెడితే పళ్లెవరు చూస్తారు సామీ? ఇచ్చెయ్."

లోపల్నుంచి సుబ్బమ్మ గొంతు సన్నగా వచ్చింది. "లెస్ లీ... వదిలెయ్, పోతే పోయింది. ఇచ్చెయ్యవయ్యా."

"ఒక్క గంట, సుబ్బీ. ఇక్కడే ఎక్కడో పడుంటుంది."

రోజర్ సాయంత్రం వస్తానని విసుక్కుంటూ వెళ్లిపోయాడు. మొండిఘటం అప్పలసామి పుర్రె ఉడికించిన నీళ్లు పారబోసిన జామపొద కింద మోకాళ్ల మీద కూర్చుని, బురదంతా దోసిళ్లతో ఎత్తి బియ్యం జల్లెడలో పోసి కడిగాడు. వాన పడింది, వెలిసింది. గంటన్నది నాలుగు గంటలు పట్టింది. చివరికి ఒక వేరు సందున, బియ్యపు గింజకంటే కాస్త పెద్దగా, తెల్లగా తగిలింది.

"దొరికిందే!" అంటూ బురద కాళ్లతోనే లోపలికి పరిగెత్తాడు.

సుబ్బమ్మ గుమ్మంవైపు తిరిగి పడుకుని ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. ఊపిరి లేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. అప్పలసామి పన్ను గుప్పిట్లోనే పట్టుకుని నేల మీద కూలబడ్డాడు. పదింటికే ఇచ్చేసి ఉంటే మధ్యాహ్నానికి దీపం వెలిగేది, ఆమె కళ్లారా చూసేది. అదొక్కటే అతని బుర్రలో తిరిగింది. "నా చేతులు పడిపోనూ! ఎంత పని చేశానే సుబ్బీ" అని ఏడ్చాడు.

సాయంత్రం రోజర్ టోపీ తీసి చంకలో పెట్టుకుని, ఎనిమిది పళ్లతో ఉన్న పుర్రెను ఎత్తుకుపోయాడు. రంగయ్య వచ్చాడు. పెద్ద దీపం తేలేదు. చావింట్లో అది పెట్టకూడదు. ఆయన కళ్లు కూడా తడిగానే ఉన్నాయి. ఒక మట్టి ప్రమిదలో నూనె పోసి ఆమె తలాపున పెట్టాడు.

"వత్తికి కాస్త దూది ఉందా బావా?"

దూది కోసం అప్పలసామి దిండు కింద చెయ్యి పెట్టాడు. ఒక బిస్కెట్ల డబ్బా తగిలింది. మూత తీశాడు. నిండా వత్తులు. పెద్ద దీపానికి సరిపోయేంత పొడుగువి, ఆమె చేత్తో ఎన్నాళ్లుగా చేసిందో, ఒక్కటీ వంకర లేదు.

రంగయ్య అందులోంచి ఒకటి తీసి, సగానికి తుంచి, ప్రమిదలో వేసి వెలిగించాడు. మిగిలిన వత్తులు డబ్బాలో ఒకదాని పక్కన ఒకటి, కొసలన్నీ సమంగా, ఆమె పేర్చినట్టే ఉన్నాయి.