లూకుమా ఆదివారాలు

కుక్కపిల్ల ఇంటికొచ్చిన రోజు ఎదెల్మిరా దుప్పట్లు ఇస్త్రీ చేస్తోంది. ఇంటి యజమానురాలు సెన్యోరా రొసాల్బా చేతిలో ఒక అట్టపెట్టె, పెట్టెలో తువ్వాలు, తువ్వాల్లో ఎగిరెగిరి పడుతున్న గుప్పెడు బొచ్చు. యార్క్‌షైర్ జాతిదట. ఎంత పెరిగినా మూడు కిలోలు దాటదట. ఇప్పుడైతే ముప్పావు కిలో కూడా లేదు. మూతి నారింజ పసుపు, అచ్చం లూకుమా పండు రంగు, కాబట్టి పేరు కూడా లూకుమా అనే పెట్టేశారు.

“చూడు తల్లీ, మనింటికి ఎవరొచ్చారో” అంది సెన్యోరా.

ఆ ఇంట్లో పనికి కుదిరి ఆరేళ్లయింది. అది “మనిల్లు” అయిన సందర్భాలు ఎదెల్మిరాకి బాగా గుర్తు. ప్రతిసారీ పని పెరిగింది.

పశువుల డాక్టరు చెప్పినవన్నీ సెన్యోరా ఆమెకి అప్పగించింది. మూడు గంటలకోసారి తినిపించాలి. ఒక పూట తప్పితే ఒంట్లో చక్కెర పడిపోయి కాళ్లు చచ్చుబడతాయి. అప్పుడు వెంటనే చిగుళ్లకి తేనె రాయాలి. చలి తగలనివ్వకూడదు. టీకాలు పూర్తయ్యేదాకా బయట నేలమీద దించకూడదు. చెప్పడం అయ్యాక సెన్యోరా ఎదెల్మిరా ఫోను తీసుకుని తనే అలారాలు పెట్టింది.

“నా ఫోన్లో పెట్టుకుంటే పేకాట మధ్యలో మోగుతుంది. అందరూ నవ్వుతారు.”

మొదటి రాత్రి లూకుమా హాల్లో పడుకోలేక ఏడ్చింది. ఈ ఒక్క రాత్రికే అంటూ దాని బుట్ట వంటింటి వెనకున్న ఎదెల్మిరా గదిలోకి వచ్చింది. మంచం, గోడకి కొట్టిన అలమర, రెండడుగుల చోటు. ఆ రెండడుగుల్లో బుట్ట చేరాక తలుపు పూర్తిగా తెరుచుకోవడం మానేసింది. ఆమె పక్కవాటుగా లోపలికి దూరడం నేర్చుకుంది.

పిల్ల మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. ఉడికించిన కోడిమాంసం వేళ్లతో నలిపి పెడితే తినేది, గిన్నెలో పెడితే మొహం తిప్పుకునేది. తిన్నాక ఆమె స్వెటర్ లోపలికి దూరి, చంక కింద ముడుచుకుని పడుకునేది. కదిలితే లేస్తుందేమోనని ఆమె ఒంటిచేత్తో బంగాళాదుంపల తొక్క తీసేది.

ఆదివారం ఆమె సెలవు రోజు. పొద్దున్నే వ్యాన్ ఎక్కి ఊరి చివర సాన్ హువాన్ దె లురిగాంచోలో ఉండే పెదనాన్న కూతురు నోర్కా దగ్గరికి వెళ్లేది. నోర్కాది జుట్టు కత్తిరించే కొట్టు. ఏడాదిగా ఎదెల్మిరా అక్కడ పని నేర్చుకుంటోంది. ఆగస్టులో నోర్కా ఇంకో కుర్చీ వేస్తానంది. ఆ కుర్చీ ఎదెల్మిరాదే. కుర్చీ వస్తే ఈ తొమ్మిదో అంతస్తు ఇల్లు వదిలేయొచ్చు.

కుక్కపిల్ల వచ్చాక మొదటి ఆదివారం “ఈ ఒక్క వారం ఉండిపో తల్లీ” అంది సెన్యోరా. రెండో ఆదివారం సెన్యోరాకి తలనొప్పి. మూడో ఆదివారం గనుల్లో పనిచేసే ఆవిడ భర్త నెలకోసారి వచ్చే రోజు.

“ఏమే, కుక్కని పెళ్లి చేసుకున్నావా ఏంటి?” అంది నోర్కా ఫోన్లో. “ఆ కుర్చీకి నాలుగు కాళ్లున్నాయి గానీ, నడిచి నీ దగ్గరికి రాదు.”

నాలుగో ఆదివారం ఎదెల్మిరా చెప్పులేసుకుని హాల్లో నిలబడింది. “నేను వెళ్లాలి సెన్యోరా.”

“నేనేమన్నా కాదన్నానా? వెళ్లు. దీన్ని కూడా తీసుకెళ్లు, గాలి మారినట్టుంటుంది.”

జూలై చలికాలపు తుంపర. జనంతో కిక్కిరిసిన వ్యాన్లో గంటన్నర ప్రయాణం. భుజానికున్న సంచీలో లూకుమా, దాని తిండి, దాని తువ్వాలు, తేనె సీసా. ఎవరి మోచెయ్యి తగులుతుందోనని ఆమె సంచీని దారంతా రెండు చేతులా కాచుకుంది.

నోర్కా సంచీలోకి తొంగి చూసింది. “అంటే సెలవు రోజు కూడా పనిని వెంటేసుకొచ్చావన్నమాట.”

ఆ రోజు మొదటిసారి ఎదెల్మిరాకి కత్తెర పూర్తిగా అప్పగించింది నోర్కా. పక్కవీధి పళ్ల దుకాణామె వచ్చి కూర్చుంది. సగం తల అయింది. సంచీలోంచి అలికిడి రావడం లేదని ఎదెల్మిరాకి ఉన్నట్టుండి అనిపించింది. తీసి చూస్తే పిల్ల తడిగుడ్డలా వేలాడిపోయింది. నాలుక చల్లగా ఉంది. వ్యాన్ కుదుపులకి పొద్దున తిన్నదంతా కక్కేసినట్టుంది, సంచీ అడుగున తడి.

కత్తెర ఎక్కడ పడేసిందో ఆమెకి తెలీదు. నేలమీద కూర్చుని, చిగుళ్లకి తేనె రాస్తూ, బొచ్చు రుద్దుతూ, తనకే వినపడనంత నెమ్మదిగా తన ఊరి క్వెచువా భాషలో ఏదో చెబుతూ ఉండిపోయింది. ఇరవై నిమిషాలకి లూకుమా ఆమె వేలు నాకింది. తల ఎత్తి చూస్తే కుర్చీ ఖాళీగా ఉంది. మిగతా సగం నోర్కా పూర్తిచేసి పంపించేసింది.

“వచ్చే వారం ఒక్కదానివే రా” అంది నోర్కా జుట్టు ఊడుస్తూ. “లేదంటే రావద్దు. కోపంతో అనడం లేదే.”

ఆ సాయంత్రం వంటింట్లో ఎదెల్మిరా జరిగింది చెప్పింది. సెన్యోరా పిల్లని గుండెలకి హత్తుకుంది.

“ఇంకెప్పుడూ బయటికి తీసుకెళ్లకు.”

“తీసుకెళ్లను. వచ్చే ఆదివారం మీరే తినిపించాలి.”

“నా చేతుల్లో దానికేమన్నా అయితే?”

“నా చేతుల్లో అయినా మీ కుక్కేగా సెన్యోరా.”

ఇంత మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో ఎదెల్మిరాకే అర్థం కాలేదు. సెన్యోరా పిల్ల చెవులు సవరించింది. తర్వాత, “నాకు భయం. మా అమ్మాయినీ ఆయాలే పెంచారు. నాకేదీ చేతకాదు” అంది. అది సాకు కాదు. వారమంతా ఎదెల్మిరా పక్కన నిలబడి నేర్పించింది. ఎంత నలపాలో, ఎంత వెచ్చగా ఉండాలో చెప్పింది. పళ్లు తగిలినప్పుడల్లా సెన్యోరా చెయ్యి వెనక్కి లాక్కునేది.

ఐదో ఆదివారం ఎదెల్మిరా ఒక్కతే వెళ్లింది. మధ్యాహ్నంలోపే సెన్యోరా దగ్గర్నించి ఫోను ఏడుసార్లు మోగింది. తింది గానీ కొంచెమే. తుమ్మింది. తలుపు దగ్గర కూర్చుని ఏడుస్తోంది, ఏం చెయ్యను? ఎనిమిదోసారి మోగితే నోర్కా ఫోను లాక్కుని సొరుగులో వేసింది. ఎదెల్మిరా ఒక ముసలామె జుట్టు మొదట్నించీ చివరిదాకా కత్తిరించింది. ముసలామె అద్దంలో అటూ ఇటూ చూసుకుని బాగుందంది. సంతోషం రావాల్సిన చోట ఎదెల్మిరాకి ఒకటే తెలుస్తోంది. పిల్ల తిని మూడు గంటలు దాటిపోయాయి. ముసలామె మెడమీదున్న తన వేళ్లు ఏదో మెత్తటిదాన్ని నలపాలని చూస్తున్నాయి.

ఏడింటికి తిరిగొస్తే సోఫాలో సెన్యోరా, ఆమె పొట్టమీద లూకుమా, ఇద్దరూ నిద్రలో ఉన్నారు. నేలమీద పిల్ల తడిపిన నాలుగుచోట్ల పాత పేపర్లు పరిచి ఉన్నాయి. సెన్యోరా కళ్లు తెరిచి నెమ్మదిగా అంది: “అవి తియ్యలేదు తల్లీ. నువ్వొస్తావుగా అని.”

ఎదెల్మిరా స్వెటర్ చేతులు పైకి మడిచి మోకాళ్లమీద కూర్చుంది. పిల్ల లేచి, తడబడుతూ వచ్చి, ఆమె ఒళ్లోకి ఎక్కింది.

ఆ తర్వాత రెండు ఆదివారాలు వెళ్లగలిగింది, ఒకటి వెళ్లలేకపోయింది. ఆగస్టులో నోర్కా ఫోన్ చేసింది. కుర్చీ పళ్ల దుకాణామె కూతురికి ఇచ్చిందట. వారం పొడుగునా రాగలిగే మనిషి కావాలట. క్రిస్మస్‌కి ఇంకొకటి వేస్తుందేమో. “అలాగే అక్కా” అంది ఎదెల్మిరా. ఫోను పెట్టేసి పిల్ల కోసం పెట్టిన చికెన్ ఉడుకుతోందో లేదో మూత తీసి చూసింది.

సెప్టెంబరులో టీకాలు పూర్తయ్యాయి. సెన్యోరా పిల్ల మెడకి కొత్త పట్టీ కట్టి, మొదటిసారి తనే కిందికి తీసుకెళ్తానంది. లిఫ్ట్ తలుపు మూసుకుంది. ఎదెల్మిరా కిటికీ దగ్గరికి వెళ్లి చూసింది. కింద పార్కులో సెన్యోరా నిలబడి ఉంది. లూకుమా గడ్డిమీద ఒక్క అడుగూ వెయ్యక, ఉన్నచోటే వణుకుతోంది.

ఇంట్లో ఎవరూ లేరు. ఆరేళ్లలో ఎప్పుడూ కూర్చోని సోఫాలో ఎదెల్మిరా కూర్చుంది, ముందు అంచుమీద, తర్వాత వెనక్కి వాలి. చంక కింద ఖాళీగా, చల్లగా ఉంది. పైకొస్తున్న లిఫ్ట్ చప్పుడు వినపడేదాకా అలాగే కూర్చుంది. వినపడగానే లేచి, దిండు సరిచేసి, తలుపు తియ్యడానికి వెళ్లింది.